హాజరు బహిరంగం, ఎంపిక రహస్యం: చిన్న సముదాయాలలో ఓటింగ్ శాతం, రాజకీయ మొగ్గు – డిక్స్‌విల్ నాచ్ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఎన్నికల అధ్యయనంలో ఓటింగ్ శాతం, రాజకీయ మొగ్గు అనేవి రెండు ప్రధానమైన కొలతలు. ఓటర్లు లక్షలలో ఉన్నచోట ఈ రెండింటినీ అన్వయించడానికి స్థిరపడిన పద్ధతులు ఉన్నాయి. ఓటర్లు పదుల సంఖ్యలో, ఒక్కొక్కచోట ఒకే అంకెలో ఉన్న సముదాయాలలో ఆ పద్ధతులు యథాతథంగా పనిచేయవు. అక్కడ నూరు శాతం పోలింగ్ రాజకీయ చైతన్యానికి నిదర్శనం కాకపోవచ్చు. ఏకపక్ష ఫలితం వెలువడితే ప్రతి వ్యక్తి ఓటు బయటపడుతుంది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో అర్ధరాత్రి ఓటు వేసే డిక్స్‌విల్ నాచ్ ఫలితాల ఆధారంగా ఈ విషయాన్ని వివరించి, పోలింగ్ కేంద్రాల వారీ ఫలితాలతో పనిచేసే మన పరిశోధకులకు దానినుంచి కలిగే బాధ్యతను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఓటింగ్ శాతం, రహస్య బ్యాలెట్, రాజకీయ మొగ్గు, డిక్స్‌విల్ నాచ్, ఫారం 20, టోటలైజర్, పరిశోధన నీతి.

1. ఉపోద్ఘాతం

ఆధునిక ఎన్నికల విధానంలో ఓటరుకు సంబంధించిన రెండు విషయాలను వేరువేరుగా చూస్తాం. ఓటరు పోలింగ్ కేంద్రానికి వచ్చాడా లేదా అన్నది మొదటిది. ఎవరికి ఓటు వేశాడన్నది రెండవది. మొదటిది బహిరంగ విషయం. మన దేశంలో ఎడమచేతి చూపుడువేలిపై పెట్టే సిరా గుర్తే దానికి సాక్ష్యం. పోలింగ్ కేంద్రంలో కూర్చున్న ఏజెంట్లు జాబితాలో పేర్లు కొట్టివేస్తూ ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో గుర్తిస్తూనే ఉంటారు. రెండవది చట్టం కాపాడే రహస్యం. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 94వ సెక్షన్ ప్రకారం తాను ఎవరికి ఓటు వేసిందీ చెప్పమని ఏ సాక్షినీ, ఏ వ్యక్తినీ బలవంతపెట్టడానికి వీలులేదు. ఓటింగ్ రహస్యాన్ని కాపాడవలసిన బాధ్యతను 128వ సెక్షన్ ఎన్నికల విధుల్లో ఉన్నవారిపై ఉంచింది.

హాజరు బహిరంగంగా, ఎంపిక రహస్యంగా ఉండే ఈ విభజన సహజంగా ఏర్పడినది కాదు. 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, 1872లో బ్రిటన్ రహస్య బ్యాలెట్‌ను చట్టబద్ధం చేశాయి. అంతకు ముందు అక్కడ ఓటు బహిరంగ ప్రకటన. భూస్వామి ఎదుట కౌలుదారు, యజమాని ఎదుట పనివాడు తన ఎంపికను వెల్లడించవలసి వచ్చేది. రహస్య బ్యాలెట్ ఆ బంధాన్ని తెంచింది. అయితే దాని విజయం ఒక షరతుపై ఆధారపడి ఉంది. ఒక పెట్టెలో పడే ఓట్లు తగినన్ని ఉండాలి. ఆ షరతు నెరవేరనిచోట చట్టం యథాతథంగా ఉన్నా రహస్యం మిగలదు. ఈ వ్యాసం ప్రధానంగా ప్రతిపాదించే అంశం ఇదే.

2. సైద్ధాంతిక నేపథ్యం

ఆంథొనీ డౌన్స్ 1957లో లేవనెత్తిన ప్రశ్న ఎన్నికల అధ్యయనంలో సుప్రసిద్ధం. లక్షల ఓట్లలో ఒక ఓటు ఫలితాన్ని మార్చే అవకాశం దాదాపు శూన్యం. అలాంటప్పుడు పని మానుకొని, వరుసలో నిలబడి ఓటు వేయడం వ్యక్తికి లాభసాటి కాదు. అయినా ప్రజలు ఓటు వేస్తూనే ఉన్నారు. ఎందుకు? 1968లో విలియం రైకర్, పీటర్ ఆర్డెషుక్ ఈ ప్రశ్నకు సమాధానంగా పౌరధర్మాన్ని లెక్కలోకి తెచ్చారు. ఓటు వేయడంలోనే ఓటరుకు ఒక సంతృప్తి ఉందన్నది వారి వివరణ.

చిన్న సముదాయంలో ఈ సమీకరణ రెండు విధాలుగా మారుతుంది. ఒకటి, ఒక ఓటుకు విలువ పెరుగుతుంది. పదిమంది ఓటర్లున్న స్థానిక సంస్థలో ఒక ఓటు నిజంగానే ఫలితాన్ని నిర్ణయించవచ్చు. రెండు, పౌరధర్మం లోపలి భావనగా మాత్రమే నిలవక ఇరుగుపొరుగు చూపుగా మారుతుంది. రాబర్ట్ డాల్, ఎడ్వర్డ్ టఫ్టీ 1973లో పరిమాణానికీ ప్రజాస్వామ్యానికీ గల సంబంధాన్ని చర్చిస్తూ, చిన్న సమూహాలలో పౌరుడికి పాల్గొనే అవకాశం ఎక్కువని గుర్తించారు. దానితోపాటు భిన్నాభిప్రాయం కలిగిన వ్యక్తి ఒంటరి అయ్యే ప్రమాదం కూడా ఎక్కువని చూపారు.

ఇరుగుపొరుగు చూపుకు ఉన్న బలాన్ని కొలిచిన అధ్యయనాలున్నాయి. అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్, క్రిస్టఫర్ లారిమర్ 2006 ఆగస్టులో మిచిగాన్ ప్రాథమిక ఎన్నికల సందర్భంగా ఒక క్షేత్ర ప్రయోగం చేశారు. ఉత్తరాలేవీ అందని కుటుంబాలలో 29.7 శాతం మంది ఓటు వేయగా, ఎవరు ఓటు వేసిందీ, ఎవరు వేయనిదీ ఇరుగుపొరుగువారికి తెలియజేస్తామన్న ఉత్తరం అందుకున్నవారిలో 37.8 శాతం మంది ఓటు వేశారు. స్విట్జర్లాండ్‌లో పోస్టు ద్వారా ఓటు వేసే సౌకర్యం వచ్చినప్పటి పరిణామాన్ని ప్యాట్రీషియా ఫంక్ 2010లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. ఓటు వేయడం సులభమైనా హాజరు ఆశించినంతగా పెరగలేదు. చిన్న సముదాయాలు ఎక్కువగా ఉన్న క్యాంటన్లలో అది తగ్గింది కూడా. పోలింగ్ కేంద్రానికి వెళ్లి నలుగురి కంట పడవలసిన అవసరం లేకపోవడంతో, కంట పడటం కోసమే వెళ్లేవారు తగ్గారని ఆమె వివరణ.

ఈ రెండు అధ్యయనాలనుబట్టి చిన్న సముదాయంలో అధిక పోలింగ్‌కు రెండు మూలాలు ఉండవచ్చునని తేలుతుంది. ఒకటి ఆసక్తి, రెండవది చూపు. శాతం ఈ రెండింటి మొత్తాన్ని చెబుతుందే తప్ప విడివిడిగా చెప్పదు.

3. డిక్స్‌విల్ నాచ్: స్థలం, సంప్రదాయం

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు ఉత్తర కొసన, కెనడా సరిహద్దుకు చేరువలో కొండల మధ్య డిక్స్‌విల్ నాచ్ ఉంది. అక్కడ బాల్సమ్స్ అనే పెద్ద విడిది హోటల్ ఉండేది. రబ్బరు పరిశ్రమలో పేరు గడించిన నీల్ టిలట్‌సన్ 1954లో దానిని కొన్నారు. ఓటు కోసం దూర ప్రయాణం చేయవలసిన అవస్థ తప్పేలా స్థానికంగానే పోలింగ్ జరిగే ఏర్పాటు ఆయన చొరవతో వచ్చింది. 1960 అధ్యక్ష ఎన్నికతో అర్ధరాత్రి ఓటింగ్ మొదలయింది. 2001లో 102 ఏళ్ల వయసులో మరణించేవరకు మొదటి ఓటు వేసే గౌరవం టిలట్‌సన్‌దే.

ఈ సంప్రదాయానికి చట్టం అవకాశమిస్తోంది. వందమందికంటే తక్కువ జనాభా ఉన్న సముదాయాలు అర్ధరాత్రి పోలింగ్ ప్రారంభించి, నమోదైన ఓటర్లందరూ ఓటు వేసిన వెంటనే ముగించవచ్చునని రాష్ట్ర చట్టం చెబుతోంది. అందువల్ల కొద్ది నిమిషాలలో ఓటింగ్, లెక్కింపు పూర్తయి, దేశంలో తొలి ఫలితంగా అది పత్రికలకెక్కుతుంది. ఈ పద్ధతిని పాటించిన ఊళ్లు అదే రాష్ట్రంలో మరో రెండు ఉన్నాయి. హార్ట్స్ లొకేషన్‌లో 1948లోనే ఇది మొదలై, మధ్యలో ఆగి, 1996లో తిరిగి ప్రారంభమయింది. రెండవది మిల్స్‌ఫీల్డ్.

డిక్స్‌విల్ నాచ్ అధ్యక్ష ఎన్నికల ఫలితాలలో కొన్నింటిని చూద్దాం.

1960: నిక్సన్ 9, కెనెడీ 0
1964: గోల్డ్‌వాటర్ 8, జాన్సన్ 0
1968: హంఫ్రీ 8, నిక్సన్ 4
1984: రీగన్ 29, మాండేల్ 1
1992: బుష్ 15, పెరో 8, మారూ 5, క్లింటన్ 2
2000: బుష్ 21, గోర్ 5, నేడర్ 1
2004: బుష్ 19, కెర్రీ 7
2008: ఒబామా 15, మెకెయిన్ 6
2012: ఒబామా 5, రామ్నీ 5
2016: హిల్లరీ క్లింటన్ 4, ట్రంప్ 2, జాన్సన్ 1, రామ్నీ 1
2020: బైడెన్ 5, ట్రంప్ 0
2024: హారిస్ 3, ట్రంప్ 3

ఈ ఫలితాలు దేశ ఫలితానికి సూచికలు కావు. 1960లో ఇక్కడ ఒక్క ఓటు కూడా రాని కెనెడీ అధ్యక్షుడయ్యారు. 1964లో ఒక్క ఓటు రాని జాన్సన్ దేశంలో ఘనవిజయం సాధించారు. 1992లో ఇక్కడ నాలుగో స్థానంలో నిలిచిన క్లింటన్ శ్వేతసౌధం చేరారు. అయినా ఈ ఫలితాల పట్టికను విలువైనదిగా భావించడానికి వేరే కారణముంది. చిన్న సముదాయపు ఎన్నికల లెక్కలో దాగిన మూడు చిక్కులను ఇది స్పష్టంగా చూపుతుంది.

4. మొదటి చిక్కు: నూరు శాతం దేనికి కొలమానం?

డిక్స్‌విల్ నాచ్‌లో పోలింగ్ నూరు శాతమని ప్రతిసారీ చెప్పుకుంటారు. ఏ శాతానికైనా అర్థం దాని హారంలో ఉంటుంది. ఇక్కడ హారం నమోదైన ఓటర్ల సంఖ్య. అందరూ ఓటు వేస్తేనే పోలింగ్ వెంటనే ముగించగలరు కాబట్టి, ఈ సంప్రదాయంలో నూరు శాతం అన్నది ఫలితం కాదు, నియమం. రానివారు ఉంటే అర్ధరాత్రి ఓటింగ్‌కు ఉన్న విశిష్టతే పోతుంది. అందువల్ల ఈ అంకెను మరో ఊరి 70 శాతంతో పోల్చి, ఇక్కడివారు రాజకీయంగా ఎక్కువ చైతన్యవంతులని నిర్ణయించడం పొరపాటు.

ఎన్నిక జరగడానికే తగినంతమంది ఉండాలన్నది మరో విషయం. 2020 జనగణనలో డిక్స్‌విల్ జనాభా 4. ఆ ఏడాది ప్రాథమిక ఎన్నికలకు ముందు, పోలింగ్ నిర్వహణ పదవులను నింపడానికి అవసరమైన ఐదుగురు లేక సంప్రదాయం ఆగిపోయే పరిస్థితి వచ్చింది. మరొకరు అక్కడ నివాసం ఏర్పరచుకోవడంతో అది కొనసాగింది. ఇలాంటిచోట ఓటర్లు, ఎన్నికల అధికారులు, ప్రేక్షకులు వేరువేరు వర్గాలు కారు. తన ఓటు లెక్కించే వ్యక్తి తన పొరుగువాడే.

మన అనుభవంలో హారం సమస్య దీనికి తలకిందులుగా కనిపిస్తుంది. శ్రీకాకుళం, మహబూబ్‌నగర్ ప్రాంతాలలోని గ్రామాలనుంచి బతుకుతెరువు కోసం దూరప్రాంతాలకు వలస వెళ్లినవారి పేర్లు ఓటరు జాబితాలో ఉంటాయి, మనుషులు ఊళ్లో ఉండరు. అక్కడ నమోదయ్యే తక్కువ శాతాన్ని నిరాసక్తతగా చదివితే అది వలసను చదవకపోవడమే. ఒకచోట హారం కుదించుకుపోయి శాతాన్ని పెంచుతుంది. మరొకచోట హారం ఉబ్బి శాతాన్ని తగ్గిస్తుంది. రెండు సందర్భాలలోనూ మారింది ప్రజల ఆసక్తి కాదు.

5. రెండవ చిక్కు: మారినది మనసా, మనుషులా?

2004లో 19–7తో బుష్ వైపు ఉన్న ఊరు 2008లో 15–6తో ఒబామా వైపు వచ్చింది. శాతాలలో చెబితే బుష్‌కు 73.1, నాలుగేళ్ల తర్వాత ఒబామాకు 71.4. ఇంత పెద్ద మార్పు ఒక రాష్ట్రంలో వస్తే రాజకీయ భూకంపంగా వర్ణిస్తాం. ఇక్కడ ఆ మాట చెప్పడానికి ముందు మరో ప్రశ్న వేయాలి. 2004లో ఓటు వేసిన 26 మందీ 2008లో ఓటు వేసిన 21 మందీ ఎంతవరకు ఒకరే? ఫలితాల పట్టిక ఈ ప్రశ్నకు సమాధానం చెప్పదు.

ఓట్ల సంఖ్యను వరుసగా చూస్తే ఈ ప్రశ్న ప్రాధాన్యం తెలుస్తుంది. 1984లో 30, 2000లో 27, 2008లో 21 ఓట్లు పోలయ్యాయి. 2011లో బాల్సమ్స్ హోటల్ మూతపడింది. 2012లో పోలైన ఓట్లు 10, 2016లో 8, 2020లో 5. ఉపాధి పోవడంతో ఓటర్లు తగ్గారు. 2008కీ 2012కీ మధ్య సముదాయం సగానికి పడిపోయింది. 71.4 శాతం 50 శాతంగా మారిందంటే ఒబామా పట్ల ఆదరణ తగ్గిందని చెప్పడానికి ఆధారం లేదు. వెళ్లిపోయినవారెవరు, మిగిలినవారెవరు అన్నదే ఇక్కడ నిర్ణాయకం.

2020లో ఒక ఓటు 20 శాతానికి సమానం. ఒక కుటుంబం ఊరు విడిచి వెళితే రాజకీయ మొగ్గు మారిపోతుంది. అందుచేత చిన్న సముదాయపు రాజకీయ మొగ్గును శాతాలలో కాక సంఖ్యలలో చెప్పడం, ఓటర్ల జాబితాలో జరిగిన మార్పును దాని పక్కనే ఇవ్వడం శాస్త్రీయమైన పద్ధతి.

6. మూడవ చిక్కు: ఫలితమే వెల్లడి అయినప్పుడు

సమూహ ఫలితాలనుంచి వ్యక్తుల ప్రవర్తనను ఊహించడం తప్పుదారి పట్టిస్తుందని డబ్ల్యు. ఎస్. రాబిన్‌సన్ 1950లో హెచ్చరించారు. ఒక నియోజకవర్గంలో ఒక సామాజిక వర్గం అధికంగా ఉండి, అక్కడ ఒక పార్టీ గెలిచినంత మాత్రాన ఆ వర్గమే ఆ పార్టీకి ఓటు వేసిందని చెప్పలేం. ఈ హెచ్చరిక మన పరిశోధనా వ్యాసాలకు ఇప్పటికీ అవసరమైనదే. 1953లో డంకన్, డేవిస్ దీనికి ఒక అనుబంధం చేర్చారు. సమూహపు అంకెలనుబట్టి వ్యక్తుల ప్రవర్తనకు కనీస, గరిష్ఠ హద్దులను కచ్చితంగా చెప్పవచ్చునన్నారు. పెద్ద సమూహాలలో ఈ హద్దులు చాలా ఎడంగా ఉండి సాధారణంగా ఉపయోగపడవు. సముదాయం చిన్నదై, ఫలితం ఏకపక్షమైనప్పుడు అవి దగ్గరై, చివరకు ఒకే బిందువుగా మారతాయి.

1960 ఫలితం 9–0. అక్కడ ఓటు వేసిన తొమ్మిదిమందిలో ఏ ఒక్కరి ఓటూ రహస్యం కాదు. 2020లో 5–0. అప్పుడూ అంతే. బ్యాలెట్ పత్రంపై పేరు లేదు, ఓటు గదిలోకి ఎవరూ తొంగిచూడలేదు, చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. కేవలం కూడిక రహస్యాన్ని రద్దు చేసింది. 1984లో 29–1 ఫలితం మరింత ఆలోచింపజేస్తుంది. తన ఓటు ఏమిటో తెలిసిన ఆ ఒక్కరికి మిగిలిన 29 మంది ఓట్లూ తెలిసిపోయాయి. రీగన్‌కు ఓటు వేసిన ప్రతి ఒక్కరికీ మిగిలిన 29 మందిలో ఒకరు వేరే దారిన నడిచారని తెలిసింది. ఆ ఒక్కరెవరన్న వెతుకులాటకు ఇక ఆధారం ఊరి మాటలే.

2024 నాటి అంకెలు ఈ గణితాన్ని చక్కగా వివరిస్తాయి. ఆ ఏడాది జనవరిలో జరిగిన రిపబ్లికన్ ప్రాథమిక ఎన్నికలో ఆరుగురు ఓటర్లూ నిక్కీ హేలీకే ఓటు వేశారు. నవంబరులో ఫలితం 3–3. పార్టీ నమోదు అక్కడ బహిరంగ సమాచారం. ఓటర్లలో నలుగురు రిపబ్లికన్లుగా నమోదైనవారు, ఇద్దరు ఏ పార్టీనీ ప్రకటించనివారు. హారిస్‌కు మూడు ఓట్లు వచ్చాయి. పార్టీ ప్రకటించనివారు ఇద్దరే కాబట్టి, ఆ ఇద్దరూ ఆమెకే వేశారనుకున్నా మూడవ ఓటు నమోదిత రిపబ్లికన్‌దే కావాలి. అంటే నలుగురు రిపబ్లికన్లలో కనీసం ఒకరు, గరిష్ఠంగా ముగ్గురు హారిస్‌కు ఓటు వేశారు. ఇది ఊహ కాదు, నిర్ధారణ. అదే సమయంలో 3–3 అన్న సమాన ఫలితం ఆ ఒక్కరెవరో తెలియకుండా కాపాడింది. జనవరిలో పూర్తిగా పోయిన రహస్యం నవంబరులో కొంత తిరిగి వచ్చింది. చిన్న సముదాయంలో ఓటరుకు నిజమైన రక్షణ చట్టంకన్నా పొరుగువారి భిన్నాభిప్రాయంలోనే ఉందని దీని సారాంశం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. హోటల్ యజమాని మొదటి ఓటు వేసే ఊరిలో ఏకగ్రీవ ఫలితం వచ్చింది కనుక ఒత్తిడి ఉందని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ సంప్రదాయంలో ఓటర్లు ఇష్టపూర్వకంగా, గర్వంగా పాల్గొంటున్నారు. ఒత్తిడి ఉన్నచోట వచ్చే 9–0కీ, లేనిచోట వచ్చే 9–0కీ అంకెలలో తేడా ఉండదన్నదే ఇక్కడ గ్రహించవలసినది. రహస్య బ్యాలెట్ ఉన్నది ఆ తేడాను అనవసరం చేయడానికే. సముదాయం మరీ చిన్నదైనప్పుడు అది ఆ పని చేయలేదు.

7. భారతీయ సందర్భం: పోలింగ్ కేంద్రాల వారీ లెక్క

డిక్స్‌విల్ నాచ్ ఓటరు కోరి వెల్లడిని స్వీకరిస్తాడు. మన దేశంలోని చిన్న సముదాయాలకు ఆ ఎంపిక లేదు. ఏ ఓటరూ రెండు కిలోమీటర్లకు మించి నడవనవసరం లేకుండా పోలింగ్ కేంద్రాలు ఉండాలన్నది ఎన్నికల సంఘం పాటించే ప్రమాణం. గుజరాత్‌లోని గిర్ అడవిలో బాణేజ్ వద్ద, అరుణాచల్ ప్రదేశ్‌లోని మాలోగామ్‌లో ఒక్క ఓటరు కోసమే కేంద్రాలు ఏర్పాటు చేశారు. హిమాచల్ ప్రదేశ్‌లో 15,256 అడుగుల ఎత్తున ఉన్న తాషిగాంగ్‌లో 2022 శాసనసభ ఎన్నికలలో 52 మందికి 52 మందీ ఓటు వేశారు. ప్రతి పౌరుడి ఓటుకూ రాజ్యం ఇచ్చే గౌరవానికి ఇవి ఉదాహరణలు. అయితే ఒక్క ఓటరున్న కేంద్రంలో ఫలితాన్ని విడిగా లెక్కించి ప్రకటిస్తే, ఆ ఫలితమే ఆ వ్యక్తి ఓటు. అందుబాటు పెంచే ఏర్పాటే రహస్యాన్ని తగ్గించే ఏర్పాటు కూడా అవుతోంది.

బ్యాలెట్ పత్రాల కాలంలో దీనికి ఒక విరుగుడు ఉండేది. వివిధ కేంద్రాల పత్రాలను లెక్కింపుకు ముందు కలిపివేయడానికి ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961లోని 59ఎ నియమం వీలు కల్పించింది. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలు వచ్చాక ప్రతి కేంద్రం యంత్రాన్నీ విడిగా లెక్కించి, ఏ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో ఫారం 20లో నమోదు చేస్తున్నారు. అది బహిరంగ పత్రం. ఏ గూడెం, ఏ తండా, ఏ వాడ ఎటు మొగ్గిందో పార్టీలకు అంకెలతో సహా తెలుస్తోంది.

దీని పర్యవసానం ఊహాజనితం కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో ఉత్తరప్రదేశ్‌లో ఒక కేంద్రమంత్రి, తమకు వచ్చే ఓట్ల శాతాన్నిబట్టి గ్రామాలను తరగతులుగా విభజించి, పనులలో ఆ క్రమాన్నే పాటిస్తామని బహిరంగసభలో చెప్పారు. ఎన్నికల సంఘం ఆ వ్యాఖ్యను తప్పుపట్టింది. వ్యాఖ్యను తప్పుపట్టినా, దానికి ఆధారమైన అంకెలు ప్రతి ఎన్నిక తర్వాతా ప్రచురితమవుతూనే ఉన్నాయి.

దీనికి సాంకేతిక పరిష్కారం ప్రతిపాదనలో ఉంది. పలు యంత్రాలను ఒకేసారి అనుసంధానించి వాటి ఓట్ల మొత్తాన్ని మాత్రమే చూపే టోటలైజర్ పరికరాన్ని, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలు రూపొందించాయి. ఒక్కసారికి 14 యంత్రాల ఓట్లను అది కలపగలదు. ఎన్నికల సంఘం 2008లో దీనిని ప్రతిపాదించగా, లా కమిషన్ 2015 నాటి 255వ నివేదికలో సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం మాత్రం అంగీకరించలేదు.

టోటలైజర్‌పై అభ్యంతరాలలో పరిగణించదగినవీ ఉన్నాయి. కేంద్రాల వారీ ఫలితం అక్రమాలను పట్టుకోవడానికి ఒక సాధనం. పోలైన ఓట్ల వివరాలు చూపే ఫారం 17సితో యంత్రంలోని అంకెను సరిపోల్చడం పారదర్శకతకు మూలం. ఆ సాధనాన్ని మొత్తంగా వదులుకోవడం తేలికైన నిర్ణయం కాదు. ఇక్కడ పారదర్శకత, రహస్యం అనే రెండు విలువలు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. వెయ్యిమంది ఓటర్లున్న కేంద్రంలో మొదటిదానికి ఎక్కువ విలువ ఇవ్వవచ్చు. యాభైమంది ఉన్న కేంద్రంలో రెండవదాని నష్టం తీవ్రంగా ఉంటుంది. అందుచేత ఓటర్లు ఒక పరిమితికి లోబడి ఉన్న కేంద్రాల ఫలితాలను మాత్రమే సమీప కేంద్రాలతో కలిపి ప్రకటించడం మధ్యేమార్గం కాగలదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ సమస్యకు మరో రూపం పంచాయతీ ఏకగ్రీవాలు. ఏకగ్రీవంగా ఎన్నికైన పంచాయతీలకు ప్రోత్సాహక నిధులు ప్రకటించడం రెండు రాష్ట్రాలలోనూ జరిగింది. కక్షలు, ఖర్చు తగ్గుతాయన్నది దానికి చెప్పే కారణం. కాని ఏకగ్రీవంలో పోలింగ్ శాతమన్నదే ఉండదు. భిన్నాభిప్రాయం ఉన్నదీ లేనిదీ తెలుసుకునే మార్గమూ ఉండదు. డిక్స్‌విల్ నాచ్‌లో 9–0 పోలింగ్ తర్వాత వచ్చిన ఏకాభిప్రాయం. మన ఏకగ్రీవం పోలింగ్‌కు ముందే కుదిరిన ఏకాభిప్రాయం. మొదటిదానిలో పదో వ్యక్తికి కనీసం ఓటు గదిలోకి వెళ్లే అవకాశముంది. రెండవదానిలో అతడు రచ్చబండ దగ్గర అందరి ఎదుట కాదనవలసి ఉంటుంది.

8. పరిశోధకుల బాధ్యత

పై చర్చ ఫారం 20 ఆధారంగా పనిచేసే పరిశోధకులను నేరుగా తాకుతుంది. గ్రామస్థాయి ఓటింగ్ సరళిని కుల, వర్గ, తెగల కోణంలో వివరించే సిద్ధాంత గ్రంథాలు మన విశ్వవిద్యాలయాలలో వస్తున్నాయి. ఒక ఉదాహరణ ఊహిద్దాం. ఒక గిరిజన గూడెంలో 40 మంది ఓటర్లు. ఫలితం 38–2. పరిశోధకుడు గూడెం పేరు, అక్కడి కుటుంబాల సంఖ్య, ఓట్ల వివరం ఒకే పట్టికలో ఇచ్చాడు. ఆ పట్టిక చదివిన స్థానిక నాయకుడికి ఏ ఇద్దరిని అనుమానించాలో తెలుసుకోవడానికి ఎక్కువ శ్రమ అక్కరలేదు. అనుమానం తప్పయితే దాని ఫలితం ఓటుతో సంబంధంలేని ఇద్దరు అనుభవిస్తారు.

అందువల్ల కొన్ని పద్ధతులను పాటించడం ఉచితం.

1. ఓటర్ల సంఖ్య తక్కువగా ఉన్న కేంద్రాల ఫలితాలను సమీప కేంద్రాలతో కలిపి పట్టికలలో ఇవ్వాలి. ఫారం 20 బహిరంగ పత్రమే అయినా, దానికి సామాజిక వివరాలను జతచేసేది పరిశోధకుడే. ప్రమాదం ఆ జతచేయడంలోనే ఉంది.

2. ఏకపక్ష ఫలితం వచ్చిన చిన్న కేంద్రాలకు మారుపేర్లు వాడటం మాత్రమే సరిపోదు. జిల్లా, మండలం, జనాభా కలిపి ఇస్తే మారుపేరు ఏమీ దాచలేదు.

3. పోలింగ్ శాతంతోపాటు హారాన్ని వివరించాలి. జాబితాలో ఉన్నవారెందరు, ఊళ్లో ఉన్నవారెందరు, వలసలో ఉన్నవారెందరు అన్న వివరం లేకుండా ఎక్కువ, తక్కువ అన్న నిర్ణయం చేయరాదు.

4. రెండు ఎన్నికల మధ్య మొగ్గు మారిందని చెప్పేముందు ఓటర్ల కూర్పు మారిందేమో పరిశీలించాలి.

5. క్షేత్ర పర్యటనలో ఎవరికి ఓటు వేశారని చిన్న సముదాయంలో గుంపు మధ్య అడగరాదు. 94వ సెక్షన్ ఇచ్చిన రక్షణను పరిశోధకుడు తన ప్రశ్నావళితో పలుచన చేయకూడదు.

9. ముగింపు

డిక్స్‌విల్ నాచ్‌ను ప్రపంచం నాలుగేళ్లకొకసారి వినోదవార్తగా చూస్తుంది. విద్యార్థి దృష్టితో చూస్తే అది ఎన్నికల విజ్ఞానానికి ప్రయోగశాల వంటిది. నూరు శాతం పోలింగ్ నియమం నుంచి రావచ్చునని, మొగ్గులో మార్పు మనుషుల మార్పు నుంచి రావచ్చునని, రహస్యం ఎవరి తప్పూ లేకుండానే కేవలం కూడికతో పోవచ్చునని అది చూపింది. హాజరును బహిరంగంగా ఉంచి, ఎంపికను రహస్యంగా ఉంచే ఏర్పాటు పెద్ద సంఖ్యల నీడలో మాత్రమే నిలుస్తుంది. ఆ నీడ లేనిచోట ఓటరును కాపాడవలసినది లెక్కింపు విధానం, ప్రచురణ విధానం, వాటితోపాటు పరిశోధకుడి వివేకం.

డిక్స్‌విల్ నాచ్ ఓటరు తన ఓటు బయటపడినా కోల్పోయేది పెద్దగా లేదు. పింఛను, ఇల్లు, మంచినీటి కుళాయి, రోడ్డు వంటివన్నీ స్థానిక నాయకత్వం దయపై ఆధారపడి ఉన్న గూడెంలోని ఓటరు పరిస్థితి వేరు. ఒకే గణితం ఒకచోట సంబరం, మరొకచోట భయం కావడానికి కారణం ఓటర్ల సంఖ్య కాదు, ఓటు బయటపడ్డాక వారికి జరిగేదే. చిన్న సముదాయాల ఓటింగ్‌ను అధ్యయనం చేసేవారు అంకెలతో పాటు ఆ పర్యవసానాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.